సూపర్‌హీరో రెండు డబ్బాలు ఆలస్యం

నెలనెలా ఇంటికొచ్చే సూపర్‌హీరోల మిస్టరీ బాక్సుకు చందా కట్టిన మనిషిని గుర్తుపట్టడం తేలిక. మోకాళ్ళ దాకా జారే టీ-షర్టు వేసుకుని గుమ్మం వైపు చూస్తూ ఉంటాడు. ఆయన్ని చందాదారుగారు అందాం.

డబ్బాలో ఏముందో ముందు చెప్పం అని పంపేవాళ్ళు అన్నారు కాబట్టి ఆయన ధ్యాసంతా దాని మీదే. నిజానికి అది ఎవరైనా చెప్పగలరు. ఒక బొమ్మ, ఒక టీ-షర్టు, ఒక కీచైనో పిన్నో, రెండు స్టిక్కర్లు, ఇవన్నీ ఎంత అరుదైనవో వివరించే చిన్న పుస్తకం. ఎవరూ చెప్పలేనిది వేరే ఉంది. మనం ఇవాళ చెప్పిన మాట డబ్బా చెవిన ఎప్పుడు పడుతుందన్నదే అసలు మిస్టరీ.

సంగతేమిటంటే, బొమ్మలు అచ్చుపోసి, రంగేసి, ఓడెక్కించి తేవడానికి నెలలు పడుతుంది. టీ-షర్టులు ఎన్ని ఎం, ఎన్ని ఎల్ అచ్చేయాలో లెక్క ముందే ప్రెస్సుకు వెళ్ళిపోతుంది. చిరునామా లేబుళ్ళు ఒక గడువు తేదీన ఒక్కసారే తీస్తారు. కాబట్టి ఈ నెల మీరు మార్చినది మామూలుగా వచ్చే డబ్బాకు అందదు, ఆ పై డబ్బాకు అందుతుంది. డబ్బు తీసుకునే తేదీ ఒకటి, ఈ గడువు తేదీ మరొకటి. చందా కట్టేరోజే ఆ రెండూ వెతికి క్యాలెండర్ మీద రాసుకోవాలి. చందాదారుగారు క్యాలెండర్ మీద రాసుకున్నది డబ్బా వచ్చే తేదీ ఒక్కటే, ఎర్ర ఇంకుతో.

సైజు దగ్గర ఆయన అలవాటు కొద్దీ ఎం అని నొక్కారు. ఒక దేశపు ఎం ఇంకో దేశంలో ఎల్ కావచ్చు. సరిగ్గా ఒంటికి పట్టే చొక్కా ఒకటి బల్ల మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంక దాకా టేపుతో కొలిచి, ఆ సెంటీమీటర్లను వాళ్ళ సైజు పట్టికలో చూసుకోవాలి. రెండు నిమిషాల పని. అది చేయకపోవడం వల్లే మొదటి టీ-షర్టులో ఆయనతోపాటు ఇంకొకరికి కూడా చోటుంది. వెంటనే ఎస్‌కి మార్చారు. రెండో డబ్బాలో మళ్ళీ ఎం. మూడోదాంట్లో ఎస్ వచ్చింది కానీ, ఆ నెల వాళ్ళు తీసుకున్న బట్ట వేరే కంపెనీది, బిగుతు కోత. తల దూరింది, భుజాల దగ్గర ఆగింది. రెండు చేతులూ పైకెత్తి ఎగరబోయే వీరుడిలా ఆయన పది నిమిషాలు హాల్లో నిలబడ్డారు. ఇంట్లోవాళ్ళు వచ్చి లాగారు.

ఇక డబ్బా విప్పడం. పై అట్టపెట్టె గోడ మందం సుమారు 3 మిల్లీమీటర్లు. దాని వెనకాలే, వేలెడు సందు కూడా లేకుండా, బొమ్మ ఉన్న కిటికీ డబ్బా ఉంటుంది. కాబట్టి కట్టరు బ్లేడు 2 మిల్లీమీటర్లే బయటికి లాగి, టేపును మాత్రం కోయాలి. ఇంకా మంచిది, డబ్బాను తిరగేసి అడుగువైపు నుంచి విప్పడం. చందాదారుగారు బ్లేడంతా బయటికి తీసి, పొలం దున్నినట్టు దున్నారు. గ్రహాంతరవాసులు ఏమీ చేయలేకపోయిన వీరుడి ముఖం మీద, ప్లాస్టిక్ కిటికీకి అడ్డంగా, బెత్తెడు గాటు. ఈ లోకంలో బొమ్మ కంటే బొమ్మ డబ్బాకే మర్యాద ఎక్కువ. మూల నలిగినా ధర పడిపోతుంది. గాటు పడ్డ డబ్బాను అమ్మకానికి పెడితే పలకరించేవాడుండడు.

సరే, డబ్బా ఎలాగూ పోయింది కదా అని బొమ్మను బయటికి తీశారు. అది ఫంకో అనే కంపెనీ వాళ్ళ పాప్ బొమ్మ. ఎత్తు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, అందులో సగం తలే. ముట్టుకోగానే తల ఊగింది. విరిగిందనుకున్నారు. విరగలేదు. మార్వెల్ పాప్ బొమ్మలకు మెడలో స్ప్రింగు ఉంటుంది, తల ఊగడానికే చేస్తారు. మార్వెల్ యాక్షన్ ఫిగర్ల, అంటే కాళ్ళూ చేతులూ కదిలే బొమ్మల, హక్కు హాస్‌బ్రో అనే ఇంకో కంపెనీ చేతిలో ఉంది కాబట్టి ఫంకో తన మార్వెల్ బొమ్మలను తలలూపే బొమ్మలుగా అమ్ముతుంది. డీసీ వీరుల తలలు మామూలుగా నిలకడగానే ఉంటాయి. హక్కుల పత్రాల్లో సంతకం పడితే ఇక్కడ తల ఊగుతుంది, అంతే. ఈ సంగతి తెలియని చందాదారుగారు మెడలో నాలుగు చుక్కల సూపర్‌గ్లూ పోసి, పైన గ్లాసు బోర్లించి ఆరనిచ్చారు. ఆ జిగురు ఆవిరి గాలాడని చోట చుట్టుపక్కలకు చేరి తెల్లటి పొరలా పేరుకుంటుంది. పొద్దున గ్లాసు తీసి చూస్తే తల కదలడం మానేసింది. ముఖం మాత్రం పిండి బస్తాలో పడి లేచినట్టుంది.

రెండో డబ్బాలో వచ్చింది పొడుగు కాళ్ళ బొమ్మ. అది నిలబడగానే పక్కకు ఒరిగింది. ఇది పీవీసీ అనే ప్లాస్టిక్ జబ్బు. దారిలో వేడికి మెత్తబడుతుంది, డబ్బాలో ఎలా ఒదిగితే అలా గట్టిపడుతుంది. వైద్యం ఉంది. 70, 80 డిగ్రీల నీళ్ళు, అంటే మరిగి దించి కాసేపు ఆగిన నీళ్ళు, ఒక గిన్నెలో పోసి, చీలమండల దాకా మాత్రం అర నిమిషం ముంచాలి. చాలాసార్లు అచ్చులో పోసినప్పటి ఆకారానికి అదే తిరిగి వస్తుంది. రాకపోతే వేళ్ళతో సర్ది, చెయ్యి వదలకుండా అలాగే చన్నీళ్ళలో ఒక నిమిషం పట్టుకోవాలి. ఆ చెయ్యి వదలకపోవడమే మొత్తం కిటుకు. చందాదారుగారు వేడినీళ్ళ దాకా అన్నీ సవ్యంగా చేసి, చన్నీళ్ళు తేవడానికి బొమ్మను బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వీరుడు ఈసారి రెండో పక్కకు ఒరిగి ఉన్నాడు.

ఒరిగితే ఒరిగాడు. అసలు దెబ్బ చిన్న పొట్లాంలో ఉంది. మూడో డబ్బా నుంచి ప్రతి డబ్బాలోనూ ఒక బ్లైండ్ పొట్లాం, అంటే విప్పేదాకా లోపల ఏ పిన్నుందో తెలియని పొట్లాం, పెట్టడం మొదలెట్టారు. ఆరు పిన్నుల సెట్టు, పొట్లానికి ఒకటి. ఆరు పొట్లాలైతే ఆరూ వస్తాయని చందాదారుగారి లెక్క. ఆరూ సమానంగా కలిపి పోసినా, సెట్టు నిండడానికి సగటున 14.7 పొట్లాలు విప్పాలి. మొదటిది ఎలాగూ కొత్తదే. ఐదు చేతికొచ్చాక ఆ చివరి ఒక్కదానికే సగటున ఆరు పొట్లాలు పడుతుంది. ఏడాదికి వచ్చేవేమో పది పొట్లాలు. పైగా చేజ్ అని ఇంకో ఊరింపు, ఆరింట ఒకటి రంగు మారిన పిన్ను. ఆరు విప్పితే తప్పక వస్తుందనుకుంటారు. ఆరు విప్పినా రాకపోయే అవకాశం మూడింట ఒక వంతు ఉంటుంది. పన్నెండు విప్పినా తొమ్మిది మందిలో ఒకడు ఉత్త చేతులతో మిగులుతాడు. ఎక్కువైనవి ఇంకో చందాదారుతో మార్చుకోవడం ఒక్కటే దారి. చందాదారుగారి దగ్గర ఒకే విలన్ పిన్నులు నాలుగు పోగయ్యాయి. మార్చుకుందామని దొరికినాయన దగ్గర అదే విలన్ ఐదు.

ఎక్స్‌క్లూజివ్, అంటే ఇంకెక్కడా దొరకదు, అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఉక్కు అచ్చు చేయించడం ఖరీదు, రంగు చవక. అందుకని పాత అచ్చులోనే పోసి ఒకసారి బంగారు పూత, ఒకసారి పూర్తి నలుపు, ఒకసారి చీకట్లో మెరిసే రంగు వేస్తారు. చీకట్లో మెరిసేది ముందు కాసేపు వెలుతురు తాగితేనే మెరుస్తుంది. అట్టపెట్టెలోంచి తీసి నేరుగా చీకటి గదిలోకి తీసుకెళ్ళి, మెరవలేదని ఫిర్యాదు రాసినవాళ్ళు చాలామంది. చందాదారుగారి పేరు ఆ జాబితాలో ఉందని వేరే చెప్పాలా?

రవాణా ఖర్చు చూసి ఆయన బిత్తరపోయారు. డబ్బా కొలతలు 30, 25, 20 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5000తో భాగిస్తే 3 కిలోలు. చాలా కొరియర్లు అసలు బరువు, ఈ లెక్క బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే రేటు కడతాయి. లోపలి సరుకు 800 గ్రాములు. మిగతా రెండు కిలోల చిల్లర గాలి, అదీ విమానంలో.

మూడో నెల, టీ-షర్టులోంచి బయటపడ్డ సాయంత్రమే, చందాదారుగారు కోపంతో రద్దు నొక్కారు. రద్దయిందని ధన్యవాదాలతో సందేశం వచ్చింది. ఆ తరవాత తొమ్మిది డబ్బాలు రావలసి ఉంది. మోసమేమీ లేదు. ఏడాది చందా ముందే కట్టినప్పుడు రద్దు అంటే, సంవత్సరం నిండాక మళ్ళీ డబ్బు తీయొద్దని మాత్రమే అర్థం. నెలనెలా కట్టే చందా కాస్త ఎక్కువ ఖరీదు పడినా, మొదటి మూడు నెలలు అదే మేలు. ఆ ఎక్కువ డబ్బు తప్పించుకునే హక్కుకు పెట్టే వెల. ముందే కట్టడంలో ఇంకో చిక్కుంది. ఈ వ్యాపారానికి ఊపు తెచ్చిన లూట్ క్రేట్ అనే అమెరికా కంపెనీ 2012లో మొదలై 2019 ఆగస్టులో కోర్టును దివాలా రక్షణ కోరింది. అలాంటప్పుడు ముందుగా డబ్బు కట్టినవాడు ఖాతాదారు హోదా పోయి అప్పిచ్చినవాళ్ళ వరుసలో నిలబడాల్సి వస్తుంది. గబ్బిలం ముసుగు కోసం.

ఏడో డబ్బా వచ్చాక, ఎలాగూ తప్పవు కదా అని సైజు ఎల్‌కి మార్చారు. లెక్క ప్రకారం అది తొమ్మిదోదానికి అందాలి. ఎనిమిదో డబ్బా విప్పాక ఇల్లు మారారు. చిరునామా మార్చిన రోజుకు లేబుళ్ళ గడువు దాటి రెండు రోజులైంది.

తొమ్మిదోది ఎక్కడికి వెళ్ళి ఉంటుందో ఆయన ఇట్టే కనిపెట్టారు. అన్ని నెలల చందాలో ఆయన విప్పిన మిస్టరీ అదొక్కటే. పాత ఇంటికి వెళ్ళి తలుపు తట్టారు. కొత్తగా దిగినాయన తీశాడు. ఒంటి మీద ఎల్ టీ-షర్టు, కొలిచి కుట్టినట్టుంది. చేతిలో కట్టరు. బ్లేడు రెండు మిల్లీమీటర్లే బయటికి ఉంది.