మెలకువలో చూసిన పీడకల: గాలో ఒకాంపో అధివాస్తవికత

ఫిలిప్పీన్స్ ఆధునిక చిత్రకళ ప్రస్తావన వస్తే మూడు పేర్లు ఒకే వరుసలో వినిపిస్తాయి: విక్టోరియో ఎదాడెస్, కార్లోస్ ‘బోటోంగ్’ ఫ్రాన్సిస్కో, గాలో ఒకాంపో. ఈ వరుసలో మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి చరిత్రకారులు 1938 నాటి ‘బ్రౌన్ మడోన్నా’ అనే ఒక్క చిత్రాన్ని పేర్కొని ముందుకు సాగిపోతారు. ఆ చిత్రం ముఖ్యమైనదే, కాదనలేం. అయితే ఒకాంపోను అసలైన దార్శనికుడిగా నిలబెట్టేవి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయన గీసిన ప్రాయశ్చిత్తుల చిత్రాలు, అంటే తమను తాము కొరడాలతో కొట్టుకునే భక్తుల చిత్రాలు. వాటిని యూరప్ నుంచి దిగుమతి అయిన అధివాస్తవికతకు (సర్రియలిజానికి) స్థానిక నకళ్లుగా చూడడం వల్లే ఆయన స్థానం చిన్నదైపోయిందని నా అభిప్రాయం.

ఒకాంపో 1913లో పంపాంగా రాష్ట్రంలోని సాంటా రీటాలో పుట్టారు. ఆయన యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ లలితకళల పాఠశాలలో చేరేనాటికి దేశ చిత్రకళ మొత్తం ఫెర్నాండో అమోర్సోలో అనే చిత్రకారుడి వెలుగులో మునిగి ఉంది. బంగారు ఎండ, వరి చేలు, నవ్వు ముఖాల పల్లె పడుచులు, ఎక్కడా చెమట కనిపించని శ్రమ: అమెరికన్ పాలన కింద ఉన్న దేశం తనను తాను చూసుకోవడానికి ఇష్టపడిన అద్దం అది. అమెరికాలోని సియాటిల్‌లో చదువుకుని తిరిగొచ్చిన ఎదాడెస్ 1928లో మనీలాలో పెట్టిన ప్రదర్శన ఆ అద్దం మీద మొదటి రాయి వేసింది. మట్టి రంగుల్లో, మోటు దేహాలతో ఉన్న ఆయన కూలీలను చూసి రసికులు ముఖం చిట్లించారు. కొన్నేళ్ల తర్వాత, మనీలాలోని ఎస్కోల్తా వీధిలో కట్టిన క్యాపిటల్ థియేటర్ కుడ్యచిత్రం కోసం ఎదాడెస్ ఇద్దరు యువకులను తోడు తీసుకున్నారు. వారే ఫ్రాన్సిస్కో, ఒకాంపో.

‘బ్రౌన్ మడోన్నా’ ఈ వాతావరణంలో పుట్టింది. మరియమాత అందులో గోధుమ వన్నె ఫిలిపినో పల్లెటూరి స్త్రీ. ఆమె కట్టు స్థానికం, పరిసరాలు స్థానికం, ఒడిలోని బిడ్డ రంగూ తల్లి రంగే. మూడు శతాబ్దాలకు పైగా స్పానిష్ చర్చి చూపించిన తెల్లని ముఖానికి అలవాటు పడిన భక్తులకు ఇది అపచారంలా తోచడంలో ఆశ్చర్యం లేదు. చిత్రం ధైర్యాన్ని ఎంత మెచ్చుకున్నా, దాని లోపల ఒక నెమ్మది ఉందని గమనించాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు గొగాన్ గీసిన తాహితి స్త్రీల ప్రశాంతత దీని మీద నీడలా పరుచుకుని ఉంది. రంగు మారింది గానీ, దైవం ఇంకా క్షేమంగానే ఉంది. ఆ క్షేమం మరో ఏడేళ్లే నిలిచింది.

1945 ఫిబ్రవరి 3 నుంచి మార్చి 3 వరకు మనీలాలో జరిగిన పోరు గురించి తెలుగు పాఠకులకు తెలిసింది తక్కువ. తిరిగి వస్తున్న అమెరికన్ సైన్యం ఫిరంగులకు, చిక్కుకుపోయిన జపాన్ బలగాల ఊచకోతలకు మధ్య ఆ ఒక్క నెలలో దాదాపు లక్ష మంది పౌరులు చనిపోయారని అంచనా. స్పానిష్ కాలపు కోటనగరం ఇంట్రామురోస్ నేలమట్టమైంది. మనీలా కేథడ్రల్ కూలింది. సాంతో దొమింగో చర్చి అంతకు ముందే, 1941 డిసెంబరు బాంబు దాడుల్లో కాలిపోయింది. బయటివాడు ఆక్రమించాడు, విమోచకుడు పేల్చేశాడు, మధ్యలో నగరం పోయింది. అమోర్సోలో ఎండను ఇక ఎవరు నమ్ముతారు?

ఒకాంపో కూడా నమ్మలేదు. అలాగని ఆయన యుద్ధాన్ని నేరుగా గీయడానికీ పూనుకోలేదు. తాను పుట్టిన పంపాంగాలో పవిత్ర వారంలో కనిపించే దృశ్యాన్ని తీసుకొచ్చి శిథిలాల మధ్య నిలబెట్టారు. ఆ ఆచారాన్ని కొంత వివరంగా తెలుసుకుంటే తప్ప ఈ చిత్రాలు అర్థం కావు. గుడ్ ఫ్రైడే నాడు, మండుటెండలో, నడుము పైన ఆచ్ఛాదన లేని మగవారు వట్టికాళ్లతో రోడ్డు మీద నడుస్తారు. గాజు పెంకులు పొదిగిన చెక్కతో వీపు మీద ముందుగా గాట్లు పెడతారు. తర్వాత, కొసలకు వెదురు ముక్కలు కట్టిన తాళ్లతో ఎవరికి వారే భుజాల మీదుగా వీపును కొట్టుకుంటారు. ముఖం మీద గుడ్డ, తల మీద తీగలతో అల్లిన కిరీటం. దారి పొడవునా తాత్కాలిక మందిరాల్లో క్రీస్తు శ్రమల గాథను రాగయుక్తంగా చదువుతూ ఉంటే, వాటి ముందు నేల మీద బోర్లా పడుకుంటారు. వీరిని అక్కడి భాషలో మగ్దరామె అంటారు. పాప పరిహారం కోసమే ఇదంతా చేస్తారనుకుంటే పొరపాటు. చాలామందిది మొక్కు: తల్లి జబ్బు నయమైతే ఇన్నేళ్లు చేస్తానని మొక్కుకుని, ఆ మాట నిలబెట్టుకోవడం. మొక్కు దేవుడికీ తనకూ మధ్య ఉండాలి గనకే ముఖం మీద ఆ ముసుగు.

ఒకాంపో కుంచె పట్టుకున్నది సరిగ్గా ఆ ముసుగునే. 1953 నాటి ‘ఎక్కే హోమో’లోనూ, ఆ వరుసలోని ఇతర చిత్రాలలోనూ ప్రాయశ్చిత్తుడు తన ఊరి వీధిలో ఉండడు. చుట్టూ బీడుపడిన, పగిలిన నేల. తల పైన యుద్ధ విమానాలు. ఊరేగింపు లేదు, గాథ చదివే గొంతులు లేవు. క్రీస్తును జనానికి చూపిస్తూ రోమన్ అధికారి పిలాతు పలికిన ‘ఇదిగో ఈ మనుష్యుడు’ అనే మాటను చిత్రానికి పేరుగా పెట్టి, చూడబోతే ఆ మనిషికి ముఖమే లేకుండా చేయడం ఆషామాషీ ఎత్తుగడ కాదు. ఇతను క్రీస్తా, క్రీస్తును అనుకరిస్తున్న రైతా, బాంబు దాడి నుంచి బతికి బయటపడినవాడా అని తేల్చుకోలేక చూపరి అక్కడే ఆగిపోతాడు.

ముసుగుకు ఆ కాలంలో మరో అర్థం కూడా ఉంది. జపాన్ ఆక్రమణ చివరి నెలల్లో ‘మకపిలి’ అనే సహకార దళానికి చెందిన వేగులు తాటాకు సంచులను తలకు తొడుక్కుని, కళ్ల దగ్గర రంధ్రాలు పెట్టుకుని, వరుసలో నిలబెట్టిన తోటి పౌరుల్లోంచి గెరిల్లాలని అనుమానం ఉన్నవారిని వేలు పెట్టి చూపేవారు. ఆ వేలు ఎవరి వైపు తిరిగితే వారికి చావు తప్పేది కాదు. ఒకాంపో దీనిని మనసులో పెట్టుకునే గీశారని నేను నిరూపించలేను. కానీ 1950ల మనీలాలో ముసుగు తలను చూసిన ఏ మనిషికైనా భక్తుడితో పాటు ద్రోహి కూడా గుర్తుకు రాక తప్పదు. తన రక్తం చిందించేవాడికీ, ఇరుగుపొరుగు రక్తం చిందించినవాడికీ ఒకే వేషం. ఈ చిత్రాల్లోని భయం అంతా ఆ అనిశ్చితిలోంచే వస్తుందని నాకు అనిపిస్తుంది.

మరి దీనిని అధివాస్తవికత అనవచ్చా? ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెతాన్ 1924లో పారిస్ నుంచి ప్రకటించిన సిద్ధాంతానికి మూలం కల, నిద్ర, ఫ్రాయిడ్ చెప్పిన అచేతనం. హేతువు పట్టు సడలినప్పుడు చెయ్యి దానంతటదే రాసేది, గీసేదీ నిజమైన కళ అని ఆ బృందం నమ్మింది. మనవైపు శ్రీశ్రీ ఆ ఉద్యమం మీద చూపిన మోజు వల్ల తెలుగువారికి అది మొదట కవిత్వంగానే పరిచయమైంది గనక, కలగాపులగపు పదచిత్రాలే అధివాస్తవికత అన్న అపోహ మనలో కొంత ఉండిపోయింది. ఒకాంపోలో కలగాపులగం లేదు, కల అసలే లేదు. సంబంధం లేని రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి మెరుపు పుట్టించడం అనే పద్ధతి మాత్రం ఉంది. తేడా ఎక్కడంటే, కొరడా దెబ్బల భక్తుడినీ బాంబర్ విమానాన్నీ పక్కపక్కన పెట్టింది ఆయన ఊహ కాదు, ఆయన దేశ చరిత్ర. పారిస్ కవులు పట్టుబట్టి వెతుక్కున్న వైపరీత్యం పంపాంగా వాసికి ఇంటి గుమ్మంలోనే ఎదురైంది.

ఆ కాలపు ఇతర ఫిలిపినో చిత్రకారుల చిత్రాలతో పోల్చి చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. సీజర్ లెగాస్పి 1947లో గీసిన ‘గ్యాడ్జెట్స్’లో కార్మికుల దేహాలు యంత్ర భాగాలతో కలిసిపోతాయి. విసెంటే మనన్సాలా 1950లో గీసిన ‘మడోన్నా ఆఫ్ ది స్లమ్స్’లో తల్లీబిడ్డలు యుద్ధానంతర మురికివాడలో బెదిరిన కళ్లతో నిలబడతారు. ‘బ్రౌన్ మడోన్నా’ నెమ్మదికి పన్నెండేళ్ల తర్వాత వచ్చిన జవాబు ఆ చిత్రమని చెప్పవచ్చు. లెగాస్పి, మనన్సాలా ఇద్దరూ పేదరికాన్నీ శ్రమనూ రూపాన్ని విరిచి చూపించారు. ఒకాంపో రూపాన్ని దాదాపు విరవలేదు. కండరాలు, గుడ్డ మడతలు, నేల అన్నీ గుర్తుపట్టేలాగే ఉంచి, అవి ఉన్న చోటును మాత్రం మార్చేశారు. సంప్రదాయ శిక్షణను ఆయన పూర్తిగా వదులుకోకపోవడమే ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆయన జీవితంలోని రెండో పార్శ్వం దీనికి విచిత్రమైన తోడు. 1946లో స్వతంత్ర గణతంత్రం స్వీకరించిన రాజ్యచిహ్నాన్ని రూపొందించినది కూడా ఒకాంపోయే. ఎనిమిది కిరణాల సూర్యుడు, మూడు నక్షత్రాలు, వాటితో పాటు అమెరికా గద్ద, స్పెయిన్ సింహం: విముక్తమైన దేశపు కవచం మీద ఇద్దరు పాత యజమానుల గుర్తులు. 1998లో చేసిన చట్టపు వర్ణనలో గద్దా సింహమూ లేవు, అయినా అధికారిక వాడుకలో అవి ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. అదే చేయి కొత్త సాంతో దొమింగో చర్చికీ, 1958లో మళ్లీ తెరుచుకున్న మనీలా కేథడ్రల్‌కూ రంగుటద్దాల కిటికీలు రూపొందించింది. యుద్ధం కూల్చిన రెండు ఆలయాలకు వెలుగు నింపే పని ఆ శిథిలాల చిత్రకారుడికే దక్కడం కాకతాళీయమే కావచ్చు. కిటికీల్లో మరియమాత మళ్లీ క్షేమంగా, ప్రకాశవంతంగా ఉంటుంది. ప్రాయశ్చిత్తుల చిత్రాల్లో ఆకాశం నుంచి దిగేది విమానాలే. ఇందులో ఏది ఆయన నిజమైన విశ్వాసం అని అడగడం అనవసరం. భక్తుడైన కళాకారుడికి రెండూ ఉండవచ్చు.

1960లలో ఆయన జాతీయ మ్యూజియం సంచాలకుడిగా పనిచేశారు. ఈ కొలువులన్నీ దేశానికి మేలు చేశాయి గానీ చిత్రకారుడి సమయాన్ని మింగేశాయి. పైగా చిహ్నాల పండితుడి అలవాటు కుంచెలోకి జొరబడిన సందర్భాలూ ఉన్నాయి. ‘ఎక్కే హోమో’లో ముసుగు ఒక ప్రశ్న. అదే ముసుగును మళ్లీ మళ్లీ వాడుతూ పోయేసరికి అది ముద్రగా గడ్డకట్టి, చూడగానే ‘ఇది బాధకు గుర్తు’ అని తేలిపోయే స్థితికి వచ్చింది. ఆ వరుసలోని అన్ని చిత్రాలూ ఒకే స్థాయివి అని వాదించడం ఆయనకు న్యాయం చేయడం కాదు.

1985లో ఒకాంపో మరణించారు. దేశపు అత్యున్నత కళా గౌరవమైన నేషనల్ ఆర్టిస్ట్ బిరుదు ఫ్రాన్సిస్కోకు 1973లో, ఎదాడెస్‌కు 1976లో దక్కింది. త్రయంలో మూడోవారికి రాలేదు. 1991లో ఆ బిరుదు పొందిన హెర్నాండో ఒకాంపో వేరే చిత్రకారుడు, నైరూప్య చిత్రాలకు ప్రసిద్ధుడు. ఇంటి పేరు ఒకటే కావడంతో ఈ ఇద్దరినీ ఒకరనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. బిరుదు రాకపోవడానికి కారణం ఏదైనా, ఒకాంపో పేరు ‘బ్రౌన్ మడోన్నా’తోనే ముడిపడిపోవడం కూడా ఆయనకు నష్టమే చేసిందని చెప్పక తప్పదు. జాతీయత చాటే కళ కావాలనుకున్న రాజ్యానికి గోధుమ వన్నె మరియమాత ఎంతో అనువైనది. విమానాల కింద నిలబడిన ముసుగు మనిషిని ఏ ప్రభుత్వ ఉత్సవంలోనూ గోడకు తగిలించడం తేలిక కాదు. పంపాంగాలో కొరడా ఆచారం ఆగలేదు. 1960ల నుంచి అక్కడ శిలువకు మేకులతో కొట్టించుకునే ప్రదర్శన కూడా మొదలై, చర్చి పెద్దలు వద్దంటున్నా ఏటా విదేశీ పర్యాటకులను, కెమెరాలను రప్పిస్తోంది. గుడ్ ఫ్రైడే ఫొటోలకు అలవాటు పడిన ఇప్పటి కంటికి ఒకాంపో చిత్రాలు జానపద వింతల్లా కనిపించే ప్రమాదం ఉంది. అందుకే 1945 మనీలాను పక్కన పెట్టుకుని చూసే ప్రదర్శన ఒకటి జరిగితే తప్ప ఆయన ఏ శిథిలాల మధ్య నిలబడి గీశారో కొత్త తరం చూపరులకు తెలియదు.