విండోస్ దాచిపెట్టిన గ్రాఫిక్స్ శక్తి ఏదీ లేదు

గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లోనూ గేమ్స్ రెండింతల వేగంతో నడుస్తాయని, విండోస్ దాచిపెట్టిన శక్తిని ఐదు నిమిషాల్లో బయటికి తీయొచ్చని చెప్పే చిట్కాల జాబితా ఒకటి చాలాకాలంగా చేతులు మారుతోంది. చెప్పేవాళ్లను బట్టి మాటలు మారతాయి గానీ విషయం ఒకటే. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసిపెట్టుకునే చోటు) గ్రాఫిక్స్ మెమరీ పెంచండి, ఎమ్మెస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ మొదలయ్యే తీరు మార్చే టూల్) ప్రాసెసర్ కోర్లన్నీ ఆన్ చేయండి, టెంప్, ప్రీఫెచ్ ఫోల్డర్లు ఖాళీ చేయండి, అల్టిమేట్ పెర్ఫార్మెన్స్ అనే పవర్ ప్లాన్ పెట్టండి, గేమ్‌కు రియల్‌టైమ్ ప్రయారిటీ ఇవ్వండి, గేమ్ బూస్టర్ వేసుకోండి. చివర్లో ఇవన్నీ ఒక్క క్లిక్‌తో చేసిపెట్టే బ్యాచ్ ఫైలు (ఆదేశాలు వరుసగా రాసిన ఫైలు) ఒకటి ఉంటుంది. అది నడిపే ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు.

మా తమ్ముడు ఇవన్నీ ఒక్కటీ వదలకుండా చేశాడు. ముందు ఆగి ఆగి నడిచే గేమ్ ఆ తర్వాత అసలు తెరుచుకోవడమే మానేసింది. వాడు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూశాను. ఉన్నది 8 జీబీ ర్యామ్, విండోస్ వాడుకుంటున్నది 4 జీబీ. మిగతాదంతా ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అని చూపిస్తోంది. ఎమ్మెస్‌కాన్ఫిగ్‌లో కోర్ల సంఖ్య పక్కనే ‘మ్యాగ్జిమమ్ మెమరీ’ అనే గడి ఉంటుంది. అక్కడ టిక్ పెట్టి 4096 అని రాయమని ఎవరో చెప్పారట, వాడు అలాగే రాశాడు. ఉన్న ర్యామ్‌లో సగాన్ని వాడే తాళం వేసి పెట్టుకున్నాడు. మంచి గేమ్ ఒకటి ఆడుకోవాలన్న చిన్న ఆశతో పిల్లలు చేసే పని ఇది. అందుకే ఈ జాబితాను ఒక్కొక్కటిగా విప్పి చూపించాలనిపించింది.

మొదటి మాట: రిజిస్ట్రీలో గ్రాఫిక్స్ మెమరీ పెంచితే గేమ్ వేగం పెరుగుతుందట. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే అడాప్టర్ వివరాలు తెరిస్తే డెడికేటెడ్ వీడియో మెమరీ 128 ఎంబీ అని కనిపిస్తుంది. అది చూసి అందరికీ కంగారు పుడుతుంది. దానికి మందుగా రిజిస్ట్రీలో ఇంటెల్ కింద జీఎంఎం అనే కీ తయారుచేసి, ‘డెడికేటెడ్ సెగ్మెంట్ సైజ్’ అనే పేరుతో 512 రాయమంటారు. రాశాక రీస్టార్ట్ చేస్తే 512 అని కనిపించే మాట నిజమే. కానీ అక్కడ మారింది కనిపించే అంకె మాత్రమే. ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ చిప్స్ ఉండవు, మన ర్యామ్‌నే అది వాడుకుంటుంది. గేమ్‌కు ఎంత కావాలంటే అంత, మామూలుగా ర్యామ్‌లో సగం దాకా, విండోస్ అడిగిన వెంటనే ఇస్తుంది. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పేజీ కింద ‘షేర్డ్ జీపీయూ మెమరీ’ అని కనిపించేది అదే. ఆ 128 అనే అంకె ఎప్పుడూ గేమ్‌ను ఆపలేదు. ఒక్క చోట ఈ చిట్కాకు పని ఉంది: మొదలయ్యేటప్పుడే వీడియో మెమరీ ఎంతో చూసి, చాలదంటూ మూసుకుపోయే గేమ్స్ కొన్ని ఉన్నాయి. వాటిని తలుపు దాటించడానికి ఈ అంకె పనికొస్తుంది. లోపలికి వెళ్లాక వేగం మాత్రం పాతదే.

ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి బయోస్‌లోనే (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల చోటు) గ్రాఫిక్స్ వాటా మార్చే వీలుంటుంది. అది నిజమైన కేటాయింపు. అయితే 8 జీబీలో 2 జీబీ అటు పక్కన పెడితే విండోస్‌కూ గేమ్‌కూ కలిపి మిగిలేది 6 జీబీ. ర్యామ్ 16 జీబీ ఉన్నవాళ్లు ప్రయత్నించి చూడొచ్చు, 8 జీబీ ఉన్నవాళ్లకు మేలు కన్నా ఇబ్బందే ఎక్కువ.

అసలు సంగతి మెమరీ ఎంత ఉందన్నది కాదు, అది ఎంత వేగంగా అందుతోందన్నది. ఈ జాబితాలు రాసేవాళ్లు ఒక్కసారైనా దీని గురించి మాట్లాడరు, నా కోపమంతా అక్కడే. డీడీఆర్4 2400 ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 19.2 జీబీ డేటా కదులుతుంది. అదే రకం స్టిక్‌లు రెండు పెడితే రెండు దారులు తెరుచుకుని 38.4 జీబీ అవుతుంది. పోలిక కోసం చెప్పాలంటే, పాత జీటీఎక్స్ 1050 అనే విడి గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత మెమరీ నుంచి సెకనుకు 112 జీబీ అందుతుంది. మన ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ 19.2 జీబీని కూడా గ్రాఫిక్స్ ఒక్కటే వాడుకోదు, ప్రాసెసర్‌తో పంచుకోవాలి. సన్నని పైపుకు పెద్ద ట్యాంకు కట్టినంత మాత్రాన కుళాయిలో ధార పెరగదు.

కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి, ‘స్లాట్స్ యూజ్డ్’ అన్న వరుస చూడండి. 2లో 1 అని ఉంటే, చాలా సందర్భాల్లో, మీరు వెతుకుతున్న వేగం ఆ ఖాళీ స్లాట్‌లోనే ఉంది. ఇంటెల్ సంస్థే ఈ తేడాను ఎంత గట్టిగా పట్టించుకుందో చూడండి: 11వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ర్యామ్ రెండు ఛానళ్లలో, అంటే పైన చెప్పిన రెండు దారుల్లో, ఉంటేనే గ్రాఫిక్స్‌కు ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు కనిపిస్తుంది. ఒక్క స్టిక్‌తో నడిపితే అదే చిప్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. కొన్ని పలచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మొత్తం బోర్డుకే అతికించి ఉంటుంది, వాటిలో ఈ దారి లేదు. కొనే ముందు మోడల్ వివరాల్లో స్లాట్ ఉందో లేదో, ఏ రకం ర్యామ్ పడుతుందో చూసుకోండి.

ఎమ్మెస్‌కాన్ఫిగ్ సంగతికొస్తే, బూట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కోర్ల సంఖ్య ఎంచుకునే గడి ఉన్నది తక్కువ కోర్లతో పరీక్షించి చూసుకునేవాళ్ల కోసం. టిక్ పెట్టకపోతే విండోస్ అన్ని కోర్లనూ వాడుతుంది. టిక్ పెట్టి గరిష్ఠ సంఖ్య ఎంచుకున్నా అవే కోర్లు. తెరిచే ఉన్న తలుపును మళ్లీ తెరవడం ఇది. దాని పక్క గడి చేసే నష్టం పైన చెప్పాను.

టెంప్ ఫోల్డర్ ఖాళీ చేస్తే డిస్క్‌లో చోటు వస్తుంది, ఫ్రేములు (గేమ్ సెకనుకు గీసే బొమ్మలు) పెరగవు. ప్రీఫెచ్ జోలికి అసలు వెళ్లకండి. ఏ ప్రోగ్రామ్ తెరవడానికి ఏ ఫైళ్లు కావాలో విండోస్ రాసిపెట్టుకునే చోటు అది. చెరిపేస్తే ప్రోగ్రాములు మొదటిసారి నిదానంగా తెరుచుకుంటాయి, ఆ తర్వాత విండోస్ అదంతా మళ్లీ రాసుకుంటుంది.

ఇక అల్టిమేట్ పెర్ఫార్మెన్స్ ప్లాన్. వినడానికి బాగానే ఉంటుంది కాబట్టి దీని గురించి కొంచెం నిదానంగా చెబుతాను. 2018లో మైక్రోసాఫ్ట్ దీన్ని తెచ్చింది పెద్ద వర్క్‌స్టేషన్ల కోసం. బ్యాటరీతో నడిచే మెషీన్లకు ఇది ఇవ్వడం లేదని అప్పుడే చెప్పింది కూడా. మామూలు ల్యాప్‌టాప్‌లో ఇది ఎందుకు ఎదురు తిరగవచ్చో తెలియాలంటే వాట్ల లెక్క చూడాలి.

ఐ5-8250యూ ప్రాసెసర్‌నే తీసుకోండి. దాని మామూలు వేగం 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే అవసరమైనప్పుడు పెంచుకునే వేగంలో, 3.4 దాకా వెళ్తుంది. లోపల ఉన్న యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్ 1.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగలదు. ఈ రెండింటికీ కలిపి ఎక్కువసేపు వాడుకోవడానికి ఇచ్చిన విద్యుత్తు 15 వాట్లు. గేమ్ మొదలైన మొదటి అరనిమిషం అంతకన్నా ఎక్కువ లాగినా, ఆ తర్వాత ఆ పరిమితికి దిగి రావాల్సిందే. ఒకే పళ్లెంలో ఇద్దరు తింటున్నారనుకోండి. ప్రాసెసర్ టర్బోలో ఎగిరెగిరి ఎక్కువ వాటా లాక్కుంటే గ్రాఫిక్స్‌కు మిగిలేది తక్కువ, దాని వేగం పడిపోతుంది. గేమ్‌కు కావలసింది గ్రాఫిక్స్ అయినప్పుడు ప్రాసెసర్‌ను ఎప్పుడూ పరుగులో ఉంచే ప్లాన్ పెట్టడమంటే ఆకలిగా ఉన్నవాడి ముందు నుంచి ముద్ద తీసేయడమే.

తమ్ముడి ల్యాప్‌టాప్‌లో నేను దీనికి సరిగ్గా ఉల్టా చేశాను. బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లోనే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 100 నుంచి 99కి తగ్గించాను. ఆ ఒక్క శాతంతో టర్బో ఆగిపోతుంది. గేమ్ పక్కనే గ్రాఫిక్స్ క్లాక్ (దాని వేగం) చూపించే విండో తెరిచి పెట్టుకుని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అంతకు ముందు పైకీ కిందికీ ఊగుతున్న అంకె నిలకడగా నిలబడింది, ఫ్యాన్ మోత కూడా తగ్గింది. వాడు నమ్మలేక మళ్లీ 100 పెట్టి చూశాడు, అంకె మళ్లీ ఊగింది. అన్ని గేమ్స్‌కూ ఇది సరిపోదని కూడా చెప్పాలి. వందలమంది సైనికులను, పెద్ద పెద్ద నగరాలను లెక్కలు కట్టే గేమ్స్‌కు ప్రాసెసరే ముఖ్యం, వాటిలో టర్బో ఆపితే ఇంకా నిదానిస్తాయి. ఏది మీ సంగతో టాస్క్ మేనేజర్ చెబుతుంది: ఆడుతున్నప్పుడు జీపీయూ 95 శాతం పైనే ఉండి సీపీయూ సగంలో ఉంటే, అడ్డు గ్రాఫిక్స్ దగ్గరే ఉంది.

గేమ్‌కు రియల్‌టైమ్ ప్రయారిటీ ఇవ్వమనడం ప్రమాదకరమైన సలహా. మౌస్ స్పందించకపోవచ్చని, డిస్క్‌కు రాయాల్సిన డేటా ఆగిపోవచ్చని మైక్రోసాఫ్ట్ తన ప్రోగ్రామర్లకు రాసిన పత్రాల్లోనే హెచ్చరించింది. పైగా ప్రయారిటీ అనేది ప్రాసెసర్ దగ్గర వరుసలో ముందుకు తెచ్చేది. గ్రాఫిక్స్ దగ్గర ఆగిపోయిన గేమ్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

గేమ్ బూస్టర్లు చేసే పనిలో నిజమైన భాగం వెనక నడుస్తున్న ప్రోగ్రాములను ఆపడం. పాతిక ట్యాబ్‌లు తెరిచిన బ్రౌజర్‌ను మూసేయడానికి ఇంకో ప్రోగ్రామ్ అక్కర్లేదు. విండోస్ 10లో 2017 నుంచి గేమ్ మోడ్ అనేది ఉండనే ఉంది. వీటిలో ఉండే ‘ర్యామ్ క్లీన్’ బటన్ మాత్రం చెడ్డది. అది వాడుకలో ఉన్న మెమరీని బలవంతంగా ఖాళీ చేయించి డిస్క్ మీదికి నెడుతుంది. ఖాళీ ర్యామ్ అంకె పెరిగి మనసుకు హాయిగా ఉంటుంది, మరుక్షణం అదే డేటాను డిస్క్ నుంచి మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చి గేమ్ ఆగుతుంది.

ఇన్ని చెప్పిన ఆ జాబితాలో రిజల్యూషన్ అనే మాటే లేదు. 1920×1080లో ఒక్కో ఫ్రేముకు 20,73,600 చుక్కలు గీయాలి. 1280×720లో 9,21,600 చాలు. పని సగానికన్నా తక్కువకు దిగిపోతుంది. గ్రాఫిక్స్ మీద భారం ఇంతగా తగ్గించే సెట్టింగ్ ఇంకోటి లేదు. బొమ్మ మసకగా ఉందనిపిస్తే మధ్యలో 1600×900 ఉంది. గేమ్‌లోనే ‘రెండర్ స్కేల్’ ఉంటే ఇంకా మంచిది, అక్షరాలు, మెనూలు స్పష్టంగా ఉంటూ వెనక దృశ్యం మాత్రమే తక్కువ చుక్కలతో గీస్తుంది. ఏఎండీ 2021లో విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ చాలా గేమ్స్‌లో ఉంది. చిన్న బొమ్మను పెద్దదిగా చేసి పదును పెట్టే ఈ పద్ధతి ఇంటెల్ గ్రాఫిక్స్ మీద కూడా నడుస్తుంది. ఆ తర్వాత నీడలు, యాంటీ ఏలియాసింగ్ (అంచులు నునుపు చేసేది), యాంబియంట్ అక్లూజన్ (మూలల్లో మెత్తని నీడలు వేసేది) తగ్గించండి. ఎక్కువ తినేవి అవే.

ఇంకో మాట, దీన్ని ఓటమిలా తీసుకోకండి: కొన్ని గేమ్స్‌ను సెకనుకు 30 ఫ్రేముల దగ్గర కట్టేయడం మేలు. ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు చొప్పున క్రమంగా వచ్చే 30, ఒకసారి 48, ఒకసారి 22 అంటూ ఊగే ఆటకన్నా చేతికి ఎంతో సాఫీగా తగులుతుంది, వేడి కూడా తగ్గుతుంది. వేడి చిన్న విషయం కాదు. చిప్ 95, 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగా నడిచి తర్వాత గేమ్ నీరసపడుతోందంటే గాలి దారుల్లో దుమ్ము చూడండి. పరుపు మీద పెట్టి ఆడకండి, ఛార్జర్ పెట్టుకుని ఆడండి. డ్రైవర్ అప్‌డేట్ చేయమని ఆ జాబితాల్లో కొన్ని చెబుతాయి, అది మంచి సలహానే.

చివరగా ఆ బ్యాచ్ ఫైలు. యాంటీవైరస్ ఆపి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని అడిగే ఏ ఫైలునూ దయచేసి నడపకండి. స్కానింగ్ వల్ల గేమ్ ఆగుతోందన్న అనుమానం ఉంటే స్కాన్ వేళ మార్చుకుంటే సరిపోతుంది. బ్యాచ్ ఫైలు మామూలు అక్షరాలే. కుడి క్లిక్ చేసి ఎడిట్ అంటే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, లోపల ఏముందో నడపకుండానే చదువుకోవచ్చు. అర్థం కాని వరుస ఒక్కటి ఉన్నా వదిలేయండి.

ఇప్పటికే చేసేసినవాళ్లు ఎమ్మెస్‌కాన్ఫిగ్‌లో ఆ రెండు టిక్‌లూ తీసి రీస్టార్ట్ చేయండి. పవర్ ప్లాన్ బ్యాలెన్స్‌డ్‌కు మార్చండి. యాంటీవైరస్ ఆన్ చేసి పూర్తి స్కాన్ పెట్టండి. రిజిస్ట్రీలో మీరు చేర్చిన ఆ 512ను తీసేసినా ఉంచినా గేమ్ వేగంలో తేడా ఉండదు. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఆ టిక్ తీసి రీస్టార్ట్ చేయగానే 8 జీబీ తిరిగొచ్చింది, స్లాట్స్ దగ్గర 2లో 1 అని ఉంది. వాడు ఇప్పుడు రెండో స్టిక్ కోసం డబ్బు దాచుకుంటున్నాడు, అంతదాకా 720లో ఆడుతున్నాడు.