ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది?

కెనడా ఎంపీ మైఖేల్ చాంగ్ బంధువులు కొందరు హాంకాంగ్‌లో ఉన్నారు. చైనాలో ఉయ్ఘర్ ముస్లింల మీద జరుగుతున్నది జాతి నిర్మూలనే అంటూ 2021 ఫిబ్రవరిలో ఆయన పార్లమెంటులో తీర్మానం పెట్టి నెగ్గించారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, చైనా వైపు నుంచి ఆయన మీద, ఆయన వాళ్ల మీద కన్నేశారని కెనడా గూఢచార సంస్థ సీఎస్ఐఎస్ పసిగట్టింది. కాగితం మీద పెట్టి పైకి పంపింది. చాంగ్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. 2023 మేలో ఆ సంగతి పేపర్లో వచ్చాక గానీ ఆయనకు తెలియలేదు.

మంత్రికి తెలియదా అని అడిగితే తేలిన విషయం ఇంకా బాధాకరం. అప్పటి ప్రజా భద్రత మంత్రి బిల్ బ్లెయిర్‌కు, ఆయన ఆఫీసు ముఖ్య అధికారికి ఆ నోట్‌ను అతి రహస్య ఈమెయిల్ నెట్‌వర్క్‌లో పంపారు. అందులోకి లాగిన్ అయ్యే ఏర్పాటే వాళ్లిద్దరికీ లేదు. పంపినవాళ్లు పంపామన్నారు, అందాల్సినవాళ్లు అందలేదన్నారు. మధ్యలో ఒక మనిషి కుటుంబం భద్రత గాలిలో ఉండిపోయింది. ఆ 2021లోనే ఒక నిఘా వారంటు దరఖాస్తు మంత్రి ఆఫీసులో 54 రోజులు పడి ఉంది. తన ముందుకు వచ్చిన రోజే సంతకం పెట్టానని మంత్రి అన్నారు. మరి అంతకుముందు అన్ని రోజులు అది ఎవరి బల్ల మీద ఉందో చెప్పేవాళ్లు కరువయ్యారు.

ఈ గొడవ మనకెందుకు అనుకోవడానికి లేదు. బ్రాంప్టన్, మిస్సిసాగా, సర్రే, ఎడ్మంటన్ పేర్లు ఇప్పుడు మన ఇళ్లలో పక్క ఊళ్ల పేర్లలా వినిపిస్తున్నాయి. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు రాత్రిపూట ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నారు. వీసా ఇచ్చే చెయ్యి, బెదిరింపుల నుంచి కాపాడాల్సిన చెయ్యి ఒకే ప్రభుత్వానివి. ఆ రెండు చేతులూ ఎలా పనిచేస్తున్నాయని అడిగే హక్కు వాళ్లకుంది.

ముందు వీసా సంగతి చూద్దాం. కెనడా చదువుకు వెళ్లాలంటే మొదటి ఏడాది ఖర్చుల కింద జీఐసీ (అక్కడి బ్యాంకులో ముందుగా వేసే డిపాజిట్) రూపంలో పది వేల కెనడా డాలర్లు చూపిస్తే సరిపోయేది. 2024 జనవరి 1 నుంచి అది ఒక్కసారిగా 20,635 డాలర్లయింది. అదే నెలలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టారు, అంతకుముందు ఏడాది కంటే 35 శాతం తక్కువ ఇస్తామన్నారు. ఏ రాష్ట్రంలో చదువుతారో ఆ రాష్ట్రం నుంచి ధ్రువీకరణ లేఖ తేవాలన్నారు. త్వరగా తేలే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబర్ 8న, చెప్పిన రోజే, మూసేశారు. ఎంతమందిని రానివ్వాలో తేల్చుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, దాన్ని మేం ప్రశ్నించడం లేదు. ఇళ్ల అద్దెలు పెరిగి అక్కడి వాళ్లు పడుతున్న ఇబ్బందీ నిజమే. కానీ పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన కుటుంబానికి, చదువయ్యాక మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదని ఒక్క వాక్యంలో తిరస్కరణ వస్తే, దాన్ని జవాబు అనలేం.

అసలు కారణం తెలుసుకోవాలంటే జీసీఎంఎస్ నోట్స్, అంటే దరఖాస్తు ఫైలులో అధికారులు రాసుకున్న వివరాలు, తెప్పించుకోవాలి. దానికి దరఖాస్తు పెట్టేవాళ్లు కెనడాలో ఉండాలి, లేదా అక్కడి పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చున్న విద్యార్థి తన ఫైలులో ఏం రాశారో చూసుకోవడానికి అక్కడి స్నేహితుణ్ణి బతిమాలుకోవాల్సిందే. 2025 జులై చివరి నుంచి కొన్ని రకాల తిరస్కరణ లేఖలతో పాటే అధికారి రాసిన నోట్ కూడా పంపుతున్నారు. మంచి మార్పు, ఆలస్యంగా వచ్చినా. దాన్ని అన్ని దరఖాస్తులకూ వర్తింపజేయాలి.

ఇంత కఠినంగా ఉన్న వ్యవస్థ జాగ్రత్తగా కూడా ఉందా అంటే, లేదు. దొంగ అడ్మిషన్ లెటర్లతో మన దేశం నుంచి వందల మంది విద్యార్థులు వెళ్లిన సంగతి 2023లో బయటపడింది. చాలామందికి తమ చేతిలోది దొంగ కాగితమని తెలియనే తెలియదు. ఆ కాగితాల మీదే వీసా అధికారులు ముద్ర వేశారు, విమానాశ్రయంలో లోపలికి పంపారు. కొన్నేళ్లు చదువుకుని, ఉద్యోగాలు చేసుకుని, శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాక దేశం వదిలి పొమ్మని నోటీసులొచ్చాయి. ఏజెంటు తర్వాత వాంకూవర్ కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, మూడేళ్ల జైలు పడింది. ప్రతి లేఖనూ కాలేజీని అడిగి సరిచూసే పద్ధతి 2023 డిసెంబర్‌లో గానీ మొదలుకాలేదు. సరిచూడటం మొదలుపెట్టిన ఏడాదిలోపే అనుమానాస్పద లేఖలు పది వేలకు పైగా పట్టుబడ్డాయి. ఒక ఈమెయిల్‌తో తేలే పనిని అన్నేళ్లు ఎందుకు చేయలేదో, చేయొద్దని ఎవరు నిర్ణయించారో ఏ మంత్రీ చెప్పలేదు.

2024 జులైలో టొరంటో పక్కన ఉగ్రదాడికి సిద్ధమవుతున్నారన్న ఆరోపణ మీద తండ్రీకొడుకులను పట్టుకున్నారు. తండ్రి మొదటి వీసా దరఖాస్తును తిరస్కరించారు. మళ్లీ పెడితే ఇచ్చారు. ఆ తర్వాత శరణార్థి హోదా, శాశ్వత నివాసం ఇచ్చి, అరెస్టుకు రెండు నెలల ముందు పౌరసత్వం కూడా ఇచ్చారు. నేరం రుజువు కావలసింది కోర్టులో. కానీ ఇన్ని మెట్ల దగ్గర జరిగిన తనిఖీల్లో ఏం చూశారు, ఏం చూడలేదు అన్నది ప్రభుత్వమే చెప్పాలి. ఏ తేదీన ఏం జరిగిందో పార్లమెంటరీ కమిటీకి జాబితా ఇచ్చారు. అందులో తేదీలున్నాయి గానీ తప్పు ఎక్కడ జరిగిందో లేదు. విద్యార్థుల సంఖ్యకు కత్తెర వేయడం వేరు, వచ్చేవాళ్లను సరిగ్గా పరిశీలించడం వేరు. మొదటిది చేసి రెండోది చేసినట్టు చూపిస్తే జనానికి భద్రత రాదు.

సమాచారం ఉండీ చేరాల్సిన చోటికి చేరకపోతే ఏమవుతుందో కెనడాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1985 జూన్ 23న కెనడా నుంచి బయల్దేరిన ఎయిరిండియా కనిష్క విమానం బాంబుకు అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. పోలీసులూ గూఢచార సంస్థా ఒకరి సమాచారం ఒకరితో పంచుకోలేదని జస్టిస్ జాన్ మేజర్ కమిషన్ తేల్చేసరికి 2010 వచ్చింది. పాతికేళ్లు. అప్పటికి చాలామంది తల్లిదండ్రులు ఆ జవాబు వినకుండానే పోయారు.

ఇప్పుడు బెదిరింపులు రకరకాలుగా వస్తున్నాయి. హాంకాంగ్ పోలీసులు తలకు పది లక్షల హాంకాంగ్ డాలర్ల వెల కట్టిన ప్రజాస్వామ్యవాది జో టే 2025 ఎన్నికల్లో కెనడాలో పోటీ చేశారు. ఆయన్ను పట్టి అప్పగిస్తే డబ్బు వస్తుందన్నట్టు మాట్లాడిన అధికార పార్టీ అభ్యర్థి తప్పుకోవాల్సి వచ్చింది. టే మాత్రం భద్రత కారణంగా ఇంటింటి ప్రచారం మానుకోవాల్సి వచ్చింది. మన వైపు చూస్తే, 2023 జూన్‌లో సర్రేలో ఖలిస్తాన్‌వాది హర్దీప్ సింగ్ నిజ్జర్ హత్య జరిగింది. భారత ఏజెంట్ల పాత్ర ఉందని కెనడా ఆరోపించింది, మన ప్రభుత్వం ఖండించింది. కేసులో నలుగురు భారతీయుల మీద అభియోగాలున్నాయి. బ్రాంప్టన్, సర్రేలలో మన దేశం నుంచి వెళ్లిన వ్యాపారులకు డబ్బు కోసం ఫోన్లు వస్తున్నాయి, ఇవ్వకపోతే ఇళ్ల మీద కాల్పులు జరుగుతున్నాయి. ఇలాంటి బెదిరింపులకు పేరుపడ్డ బిష్ణోయ్ ముఠాను కెనడా ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది 2025 సెప్టెంబర్‌లో.

ఇందులో మన ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. అమెరికా చేసిన ఇలాంటి ఆరోపణ మీద మన ప్రభుత్వం కమిటీ వేసింది, 2025 జనవరిలో ఆ కమిటీ ఒక వ్యక్తి మీద చట్టపరమైన చర్యకు సిఫారసు చేసింది. కెనడా విషయంలోనూ ఆధారాలు అడిగి, చూసి, ఫలితం దేశానికి చెప్పాలి. రెండు ప్రభుత్వాల పంతానికి నలిగింది మామూలు జనమే. 2023 సెప్టెంబర్‌లో మనం కెనడా వాళ్లకు వీసాలు ఆపేస్తే, అక్కడి పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్లు ఎందరో తల్లిదండ్రులను చూడటానికి రాలేని స్థితిలో పడ్డారు. అక్టోబర్‌లో కెనడా 41 మంది దౌత్య సిబ్బందిని వెనక్కి పిలిస్తే, ఇక్కడ వీసాలు చూసే వాళ్ల ఉద్యోగులు 27 నుంచి ఐదుగురికి తగ్గారు.

విదేశీ జోక్యం మీద జస్టిస్ మరీ జోసీ హోగ్ కమిషన్ 2025 జనవరిలో 51 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. అంతకుముందే, 2024 జూన్‌లో, కొత్త చట్టం వచ్చింది. విదేశాల తరఫున పనిచేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలని అందులో ఉంది. చట్టం పాసై ఏడాది నిండే నాటికి కూడా ఆ రిజిస్టర్ తెరుచుకోలేదు.

మరొక లోటు మాకు ఇంతకంటే పెద్దదిగా కనిపిస్తోంది. చాంగ్ వ్యవహారం తర్వాత, ఎంపీలకు ముప్పు ఉంటే వాళ్లకు చెప్పి తీరాలని సీఎస్ఐఎస్‌కు మంత్రి ఆదేశమిచ్చారు. ఆ ఆదేశం ఎంపీల విషయంలోనే. ప్రాణానికి ముప్పు ఉందనుకుంటే పోలీసులు ఎవరినైనా హెచ్చరిస్తారు. కానీ అక్కడ ఒక సభలో మాట్లాడినందుకు, ఇక్కడ ఊళ్లో అమ్మానాన్నల దగ్గరికి ఎవరో వెళ్లి మీవాణ్ణి నోరు మూసుకోమనండి అంటే, అది ప్రాణం దాకా రాలేదు కాబట్టి ఎవరి పనీ కాదన్నట్టు మిగిలిపోతుంది. కొత్త చట్టంతో అలాంటివాళ్లకు సమాచారం ఇవ్వడానికి గూఢచార సంస్థకు వీలు దొరికింది. వీలు సరిపోదు. ఎన్ని రోజుల్లో చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో, చెప్పకపోతే ఏ అధికారి జవాబుదారో రాసి పెట్టాలి. వీసా తిరస్కరణ మీద అధికారి నోట్ జతచేయగలిగిన ప్రభుత్వం ఈ పనీ చేయగలదు.