బడికి పంపకపోవడం అనే సాహిత్య సేవ

భండారు అచ్చమాంబ గారు రచయిత్రి కావడంలో మన దేవరకొండకు దక్కవలసిన ఘనతను విమర్శకులు ఇంతవరకు గుర్తించకపోవడం విచారకరం. 1874లో పుట్టి, ఆరేళ్లకే మునగాల సంస్థాన దివాను అయిన తండ్రిని పోగొట్టుకుని, ఆమె తల్లితోను పసివాడైన తమ్ముడు లక్ష్మణరావుతోను దేవరకొండలో సవతి అన్నగారి పంచన చేరారు. తమ్ముడికి చదువు చెప్పించారు, ఆమెకు పదేళ్లకే పెళ్లి చేశారు. ఈ రెండో పనిలోని దూరదృష్టిని గమనించాలి.

పొరపాటున ఆమెను కూడా బడికి పంపి ఉంటే ఎంత అనర్థం జరిగేదో ఆలోచించండి. పెద్దయ్యాక తమ్ముడి చదువు పక్కన కూర్చుని అక్షరాలు కూడబలుక్కునే అవసరం ఆమెకు ఉండేది కాదు, ఆ అవసరమే లేకపోతే 1902లో 'స్త్రీవిద్య' అనే కథా ఉండేది కాదు. అందులో జైలుకు వెళ్లబోయే భర్త, ఉత్తరాలు రాసుకోవడానికైనా చదువు నేర్చుకోమని భార్యను బతిమాలుతాడు, ఆమె ఒకదాని వెనుక ఒకటి సాకులు చెబుతుంది. ఆ సాకులు కల్పించినవి కావని, ఇంటింటా విని విని కంఠస్థమైనవని చదువుతుంటేనే తెలిసిపోతుంది. ఆ సాకులను తరతరాలుగా ఉచితంగా సరఫరా చేసింది మనమే కదా!

పుట్టిన బిడ్డలిద్దరూ ఆమెకు దక్కలేదు, ముప్పై ఏళ్లకు ఆమే దక్కలేదు. ఇక్కడ మాత్రం నా కలం వ్యంగ్యానికి తిరగడం లేదు.

మొన్న నల్గొండలో జరిగిన ఒక సభలో, ఫ్లెక్సీ మీద ఆమె పేరు అచ్చమ్మగా మారిపోయి ఉండగా, ప్రధాన వక్త గారు "ఆమె రాసిందంతా సొంత గోడు, కల్పనాశక్తి తక్కువ" అని తేల్చారు. ఆ వెంటనే, పన్నెండు కథల్లోనూ తన తండ్రి బావి మోటారు కాలిపోయిన వైనాన్నే రాసిన ఒక సోదర రచయితను సమాజానికి నిలువుటద్దం అని కొనియాడి, శాలువా కప్పారు. రెండో వరుసలో కూర్చున్న కవయిత్రిని ఉద్దేశించి, "అమ్మా, చాయ్ సంగతి జర చూడు" అని మైకులోనే పురమాయించారు.

కనుక దేవరకొండలో "అచ్చమాంబ గారికి చదువు చెప్పని చోటు ఇదే" అని ఒక శిలాఫలకం వేయించాలని ప్రతిపాదిస్తున్నాను. ఆవిష్కరణకు వక్త గారు ఇప్పటికే ఒప్పుకున్నారు. చాయ్ ఎవరు చూస్తారన్నది కవయిత్రులు తమలో తాము తేల్చుకోవాలి.