మోచిప్ప కాదండీ, మౌచిక!

అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో, మా ఇంటికీ సత్తిబాబు బాబాయి ఇంటికీ మధ్య ఒక గోడ ఉంది. కోళ్ళని ఆపుతుంది గానీ మాటల్ని ఆపదు. కింద రాసిందంతా ఆ గోడ మీదుగా వచ్చిందే. బాబాయి కొడుకు సచిన్‌కి కూతురు పుట్టింది. కోడలు మౌనిక పురిటికి పాలకొల్లు వెళ్ళి ఇంకా అక్కడే ఉంది. ఇరవయ్యొకటో రోజున బారసాల అనుకున్నారు.

బాబాయి అరుగు మీద పీట వేసుకుని లేత పనసకాయని పొట్టు కొడుతున్నాడు. చేతులకి నూనె రాసుకోమని పిన్ని చెప్పింది. రాసుకున్నాడు, పిసినారితనంగా. జిగురు కత్తిపిడికి అంటి, వేళ్ళకి అంటి, అక్కడి నుంచి కళ్ళజోడు కాడకి కూడా పాకింది. పిన్ని గడపలో కూచుని ఫోన్ చూస్తోంది.

పిన్ని: ఏవండోయ్, అబ్బాయి మెసేజ్ పెట్టాడు. పేరు ఖాయం చేసేశారట. మౌచిక.

బాబాయి: మోచిప్పా?

పిన్ని: మోచిప్ప కాదండీ, మౌచిక!

బాబాయి: పిల్లకి పేరు పెట్టండర్రా అంటే మోకాలికి పెట్టారేంటే!

పిన్ని: మౌనికలో మౌ, సచిన్‌లో చి, చివర క.

బాబాయి: ఆ క ఎవరిది?

పిన్ని: ఎవరిదీ కాదు. ఆడపిల్ల పేరు చివర క ఉంటే అందంగా ఉంటుందని వేశారు.

బాబాయి: అంటే కన్న తండ్రి వాటాకి వచ్చింది ఒక్క చి. ఛీ!

పిన్ని: ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర రెండు ఏలు వేస్తారట. అంకెలు లెక్కకట్టే ఆయన చెప్పాడట.

బాబాయి: ఏ ఒక్కింటికి ఎంత పుచ్చుకున్నాడో కనుక్కున్నావా? సరే, అసలా మాట ఏ నిఘంటువులో ఉంది?

పిన్ని: నిఘంటువులో ఉంటే ఎదురింటివాళ్ళు కూడా పెట్టేసుకుంటారు కదండీ. ఇంకెవరికీ ఉండకూడదనే ఇలా కూర్చారు. మన కోడలి క్లాసులో ముగ్గురు మౌనికలుండేవారట. మేడమ్ పిలిచినప్పుడల్లా ముగ్గురూ లేచి నిలబడి, తిట్లయితే ముగ్గురూ కూచునేవారట. తన కూతురికి ఆ బాధ వద్దంటోంది.

బాబాయి: బాధేంటే! అన్నవరం దేవుడి పేరు నాది. వీర వెంకట సత్యనారాయణ. ఈ గోదావరి జిల్లాల్లో ఇంటికొకడున్నాం. నేనేమైనా బాధపడ్డానా?

పిన్ని: మన వీధి మొదట్లో నిలబడి "సత్తిబాబూ" అని కేకేస్తే ఎంతమంది తలుపు తీస్తారో తెలీదా నాకు? కిళ్ళీకొట్టు సత్తిబాబు, మోటారు సత్తిబాబు, పొట్టి సత్తిబాబు. మీకున్న పేరేంటో చెప్పనా?

బాబాయి: అక్కర్లేదు.

పిన్ని: నస సత్తిబాబు.

(గోడ ఇవతల నేను దగ్గాపుకున్నాను. ఆ పేరు ఊరందరికీ తెలుసు, బాబాయికి తెలుసని మాత్రం నాకిప్పుడే తెలిసింది.)

బాబాయి: నీకు ప్రపంచం తెలీదు పద్దూ. ఇలా వదిలేస్తే ఎక్కడికి పోతుందో చూడు. స్వీడన్ అని ఒక దేశం ఉంది. పిల్లాడికి అయిదేళ్ళొచ్చినా పేరు రాయించలేదని అక్కడ ఒక మొగుడూ పెళ్ళాలకి జరిమానా వేశారు. ఆ కోపంతో వాళ్ళు 1996లో ఒక పేరు రాసిచ్చారు. 43 అక్షరాలు! చివర్లో అంకెలు కూడా ఉన్నాయి. దాన్ని ఎలా పలకాలయ్యా అంటే, ఆల్బిన్ అన్నారట. ప్రభుత్వం కుదరదు పొమ్మంది.

పిన్ని: మీ పేరు రేషన్ కార్డులో పట్టక రెండో లైన్లోకి పాకింది కదా, మిమ్మల్నెవరైనా కుదరదు పొమ్మన్నారా?

బాబాయి: ఫ్రాన్స్‌లో అయితే ఆడపిల్లకి నుటెల్లా అని పెట్టారు. అది రొట్టె మీద రాసుకునే చాకొలెట్ ముద్ద! కోర్టు కలగజేసుకుని, పిల్లని ఎగతాళి చేస్తారని చెప్పి ఎల్లా అని మార్చింది. ఆత్రేయపురం పక్కనే ఉంది కదా అని మనం పిల్లకి పూతరేకు అని పెడతామా?

పిన్ని: పూతరేఖ... వినడానికి బానే ఉందండీ.

బాబాయి: అబ్బాయికి చెప్పకు! పెట్టినా పెడతారు.

పిన్ని: అంత దూరం ఎందుకు, మీ మేనత్త పేరేంటి?

బాబాయి: ఆవిడ సంగతి ఇప్పుడెందుకు?

పిన్ని: తవుడమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఈవిడ పుట్టగానే మంత్రసానికి ఇచ్చేసి, చాటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. ఆవిడ తమ్ముడు పెంటయ్య. ఆయన్ని పెంట కుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నారు. అవి వింత పేర్లు కావూ?

బాబాయి: ప్రాణం నిలబడాలని పెట్టారే! పేరు అసహ్యంగా ఉంటే యముడు కూడా ముట్టుకోడని.

పిన్ని: ఈ మౌచికని కూడా ముట్టుకోడు లెండి. పలకడం రాక వెనక్కెళ్ళిపోతాడు.

(నా మటుకు నాకు ఇది పిన్ని గెలుపే. మౌచిక కూడా నాకు బాగానే ఉంది. ఆ సంగతి గోడ ఇవతలే ఉంచుకున్నాను.)

బాబాయి: వెటకారం ఆపు. మనకో పద్ధతుంది. నక్షత్రం చూడాలి, పాదం చూడాలి, ఆ పాదానికి ఏ అక్షరం వస్తే దాంతో పేరు పెట్టాలి. ఆ పంచాంగం ఇలా తీసుకురా.

పిన్ని: ఆ చేతుల్తోనా?

(ఆ చేతుల్తోనే. పుట తిప్పబోతే రెండు పుటలు కలిసి వేలికి అంటుకుని లేచాయి. ఆషాఢం చిరిగింది.)

బాబాయి: పిల్లది హస్త, మూడో పాదం. హస్తకి... పు, షం...

పిన్ని: ఊఁ, చదవండి.

బాబాయి: మూడోది... చిన్న అక్షరాలు. కళ్ళజోడు మీద జిగురుంది.

పిన్ని: ఇందాక స్వీడన్ దాకా కనబడింది కదా, ఒళ్ళోది కనబడట్లేదా?

బాబాయి: ణ.

పిన్ని: ఏవిటీ?

బాబాయి: ణ. అణా, వీణ, అందులో ణ.

పిన్ని: మొదట్లో ణ వచ్చే పేరు ఒక్కటి చెప్పండి. కాఫీ పెట్టిస్తాను.

(చాలాసేపు కత్తి చప్పుడే వినబడింది.)

బాబాయి: ణారాయణమ్మ.

పిన్ని: మీరు నారాయణమ్మని ముక్కుతో పిలిచారు, అంతే.

బాబాయి: అలాంటి చిక్కొస్తే ణ బదులు న పెట్టుకోవచ్చని పంతులుగారే అంటారే! న అయితే మనకి కొదవేముంది? అంతర్వేది స్వామి ఉన్నాడు. నరసింహ...

(అనకుండా ఉండాల్సింది. పిన్ని గడప మీంచి లేచి అరుగు మీదికొచ్చింది.)

పిన్ని: ఏదీ, పూర్తి చెయ్యండి. నరసింహ?

బాబాయి: ఏదో మాటవరసకి అన్నాను.

పిన్ని: 96 నవంబరులో మావగారు మాటవరసకే అన్నారా? తుఫాను వెళ్ళిన వారానికి కదూ మనవాడు పుట్టింది! పడిపోయిన కొబ్బరిచెట్లు ఇంకా రోడ్డుకి అడ్డంగానే ఉంటే నన్ను ట్రాక్టరెక్కించి అమలాపురం తీసుకెళ్ళారు. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తే నరసింహమూర్తి అని పెట్టుకుంటానని మావగారు అంతర్వేదికి మొక్కుకున్నారు. మీరేం చేశారు?

బాబాయి: పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో నరసింహమూర్తి అనే రాశాను కదే!

పిన్ని: బియ్యంలో నరసింహమూర్తి, బళ్ళో సచిన్! ఆ బియ్యం మర్నాడు వండేశాం కూడాను.

బాబాయి: ఆ ఏడాది వరల్డ్ కప్‌లో 523 పరుగులు కొట్టాడే కుర్రాడు! దేశంలో ఎవరి నోట విన్నా అదే పేరు. నేను పెట్టడంలో వింతేముంది?

పిన్ని: అదే అంటున్నా. మీ నోటికి తిరిగింది మీరు పెట్టారు, వాళ్ళ నోటికి తిరిగింది వాళ్ళు పెట్టుకుంటున్నారు. ఆ సచిన్‌కి కూడా వాళ్ళ నాన్న సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ మీది ఇష్టంతో పెట్టాడట. బ్యాటు పట్టినాయన కోసం మీరు, పాట కట్టినాయన కోసం ఆయన. మావగారు మాత్రం చనిపోయేదాకా మనవణ్ణి "సత్తినూ" అనే పిలిచారు, నోరు తిరక్క.

బాబాయి: నన్నే పిలుస్తున్నాడనుకుని నేను వెళ్ళేవాణ్ణి.

పిన్ని: ఇంకా నా సంగతి ఎత్తలేదు.

బాబాయి: ఎత్తకు. పొట్టు అయిపోవచ్చింది, పొయ్యి వెలిగించు.

పిన్ని: మాది వానపల్లి. అమ్మవారి పేరు పెట్టుకున్నారు నాకు, పళ్ళాలమ్మ అని. పెళ్ళి కార్డు అచ్చయి వచ్చాక చూస్తే చిరంజీవి సౌభాగ్యవతి పద్మావతి అని ఉంది. మా అమ్మ ఆ కార్డు చూసి, మీకు ఇంకెవరితోనో సంబంధం కుదిరిపోయిందనుకుని ఏడ్చింది.

బాబాయి: స్నేహితులు నవ్వుతారని... అప్పట్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను కదే. అయినా పేరు మార్చుకుంటే తప్పేంటి? మన మొగల్తూరులో పెరిగిన శివశంకర వరప్రసాద్ చిరంజీవి కాలేదా?

పిన్ని: ఆయన మార్చుకుంది ఆయన పేరు. మీరు మార్చింది నాది. ఇప్పుడేమో ఆధార్‌లో పళ్ళాలమ్మ, బ్యాంకులో పద్మావతి. ఇద్దరూ ఒకళ్ళేనని కాగితం తెమ్మన్నారు. నోటరీ దగ్గర కూచుని, నేను నేనేనని సంతకం పెట్టొచ్చాను. ఏ సంతకం పెట్టాలో తెలీక రెండూ పెట్టాను.

(కత్తి చప్పుడు ఆగింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆయన రాజీకి వచ్చేటప్పుడు చేసే శబ్దం అది, దగ్గుకీ దీనికీ తేడా ఈ వీధిలో అందరం పట్టేస్తాం.)

బాబాయి: పోనీ ఇలా చేద్దాం పళ్ళాలూ. వాళ్ళు వాళ్ళ పేర్లు కలుపుకున్నారు కదా, మనం మన పేర్లు కలిపి ఇద్దాం. సత్యనారాయణలో సత్, పళ్ళాలమ్మలో పళ్ళ. సత్పళ్ళ.

పిన్ని: దంతాల డాక్టర్ బోర్డులా ఉంది. పైగా అందులోనూ మీ ముక్కే ముందొచ్చింది, చూసుకున్నారా?

బాబాయి: అయితే కంగారే వద్దు. పుట్టిన 21 రోజుల్లోపు పుట్టుక నమోదు చేయిస్తే చాలు, పేరు తర్వాత రాయించుకోవచ్చు. ఏడాది దాకా ఫీజే లేదు. ఆ తర్వాత లేటు ఫీజు కట్టి 15 ఏళ్ళ దాకా రాయించుకోవచ్చు. 1969 నాటి చట్టం ఉంది.

పిన్ని: పదిహేనేళ్ళపాటు పిల్లని ఏవని పిలుస్తాం, ఏయ్ అనా?

బాబాయి: అమ్మలు అని. కోనసీమలో ఆడపిల్లలందరూ పెళ్ళయ్యేదాకా అమ్మలే కదా.

(ఫోన్ మోగింది. బాబాయి చెయ్యి చాపాడు. జిగురు చూసి పిన్ని ఇవ్వలేదు, స్పీకర్ పెట్టి తన చేతిలోనే పట్టుకుంది.)

సచిన్: అమ్మా, ఆ పేరు ఎవరికీ చెప్పలేదు కదా?

పిన్ని: మీ నాన్నకి చెప్పాను. ఆయనకి చెప్తే ఊరికి చెప్పినట్టే. ఏం నాన్నా?

సచిన్: క్యాన్సిల్ అమ్మా. మౌనిక ఫ్రెండ్ రుచిక లేదూ, వాళ్ళాయన మౌర్య. వాళ్ళకీ పాపే పుట్టింది. నిన్న బారసాల ఫోటోలు పెట్టారు. మౌచిక అట! మౌనిక నిన్నట్నుంచీ అన్నం తినట్లేదు.

పిన్ని: అయ్యో! ఇప్పుడు ఎలారా?

సచిన్: మీరే ఏదైనా చెప్పండి. ఇంకెవరికీ ఉండకూడదు, అదొక్కటే కండిషన్.

బాబాయి: ఎవరికీ ఉండకూడదా? నా దగ్గరొక అక్షరం ఉందిరా అబ్బాయ్! ఈ భూమ్మీద దాంతో మొదలయ్యే మనిషే లేడు...

పిన్ని: ఒరే సచినూ, పెట్టెయ్యరా ఫోను! పెట్టెయ్!