ఆసరా గ్రూపుల్లో ఆధార్ అడగడం పరిష్కారం కాదు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగువారు కుంగుబాటు, ఆందోళన వంటి బాధలు చెప్పుకోవడానికి ఏర్పరచుకొన్న వాట్సాప్, టెలిగ్రాం గ్రూపుల్లో ఇప్పుడు ఒక ప్రతిపాదన తిరుగుతోంది. కొత్తగా చేరేవారంతా అడ్మిన్‌కు ఆధార్ కార్డు ఫొటో పంపాలట. మోసపోయినవారి ఆవేదన నుంచి పుట్టిన ఆలోచన కాబట్టి దానిని తేలిగ్గా తీసిపారేయలేను. కానీ ఆ నిబంధన వస్తే, ఏ మనుషుల కోసం ఈ గ్రూపులు పుట్టాయో వాళ్లే ముందుగా దూరమవుతారని నా గట్టి నమ్మకం.

మా గ్రూపులో జరిగింది తెలియనివారి కోసం చెబుతాను. విశాఖలో చికిత్స పొందుతున్నానని చెప్పుకొన్న ఒక యువతి నెలల తరబడి రాస్తూ వచ్చింది. ఆమె రాయలేని రోజుల్లో ఆమె అన్నయ్యనంటూ ఒకరు, హాస్టల్ స్నేహితురాలినంటూ మరొకరు కబురు చెప్పేవారు. ముగ్గురి రాతలోనూ అవే అక్షర దోషాలు, అవే ఊతపదాలు కనిపించడంతో ఒక అక్కకు అనుమానం వచ్చి ఆరా తీయగా, మూడు ఖాతాలూ ఒక్కరివేనని తేలింది. ఆమె ఎవరి వద్దా డబ్బు తీసుకోలేదు. అందుకే "పోనీలెండి, నష్టమేముంది" అన్నవారూ ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. ఆమె కోసం అర్ధరాత్రి దాటేదాకా మేలుకొన్నవారిలో చాలామంది స్వయంగా మందులు వాడుతున్నవారు. కుంగుబాటు, ఉన్మాదం మార్చి మార్చి వచ్చే బైపోలార్ రుగ్మత ఉన్నవారికి నిద్ర చెడితే ఉన్మాద దశ తిరగబెట్టవచ్చునని మానసిక వైద్యులు పదేపదే హెచ్చరిస్తారు. అంతకంటే నన్ను బాధించినది మరొకటి ఉంది. ప్రసవం తరువాతి కుంగుబాటు గురించి ఒక బాలింత మొదటిసారి నోరు విప్పిన రాత్రే, ఈ యువతి పరిస్థితి విషమించిందంటూ "అన్నయ్య" నుంచి కబురు వచ్చింది. అందరూ అటు పరుగెత్తారు. ఆ బాలింతకు జవాబిచ్చినవారు లేరు, ఆమె మళ్లీ రాయలేదు.

ఇటువంటి ప్రవర్తన మన ప్రాంతానికో, ఈ కాలానికో పరిమితమైనది కాదు. లేని జబ్బును ఉన్నట్లు నమ్మించి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారి స్థితికి బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1951లోనే మంచౌసెన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అదే పని అంతర్జాలంలో చేసేవారి గురించి అమెరికన్ మానసిక వైద్యుడు మార్క్ ఫెల్డ్‌మన్ 2000లో రాస్తూ, దానిని ఇంటర్నెట్ మంచౌసెన్ అన్నారు. ఆయన చెప్పిన గుర్తులు చదివినప్పుడు మా గ్రూపు గురించే రాశారేమో అనిపించింది: ప్రాణం మీదకు వచ్చిన మర్నాడే అద్భుతంగా కోలుకోవడం, గ్రూపు దృష్టి వేరొకరి మీదకు మళ్లగానే కొత్త విపత్తు ముంచుకురావడం, బంధుమిత్రుల పేరుతో వచ్చే రాతలన్నీ ఒకే శైలిలో ఉండడం, జబ్బు వర్ణన పుస్తకంలోంచి ఎత్తిరాసినట్లు ఉండడం. ఆ మరుసటి ఏడాదే, అంటే 2001లో, అంతర్జాలంలో తన జబ్బు గురించి రాస్తూ వచ్చిన కేసీ నికోల్ అనే అమ్మాయి రక్త క్యాన్సర్‌తో బాధపడుతూ మరణించిందని విని ఎందరో కన్నీరు పెట్టుకొన్నారు. తీరా చూస్తే అటువంటి అమ్మాయే లేదు, తల్లినని చెప్పుకొన్న మహిళ అల్లిన కథ అది.

ఇక ఆధార్ సంగతి. మా గ్రూపులోని ఆ యువతిని ఆధార్ అడిగి ఉంటే తన అసలు కార్డే పంపి ఉండేది. పేరు నిజమై ఉండేది, కథ అబద్ధంగానే మిగిలేది. కార్డు మనిషి ఎవరో చెబుతుంది గాని, ఆ మనిషి పడుతున్నానని చెప్పే బాధ నిజమో కాదో చెప్పదు.

నిజంగా బాధపడేవారి పరిస్థితి చూడండి. మన ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఒకరికొకరు తెలిసినవే. పెద్దాసుపత్రి మానసిక విభాగం ఓపీ దగ్గర ఎవరైనా కనిపిస్తే ఆ వార్త వాళ్లకంటే ముందు ఇంటికి చేరుతుంది, పెళ్లి సంబంధాల దాకా వెంట వస్తుంది. ఆ భయంతోనే ఎందరో పార్వతీపురం, విజయనగరం దాటి విశాఖ దాకా రైల్లో వెళ్లి వైద్యులను కలిసి వస్తున్నారు. ఒడియా బడుల్లో చదివి తెలుగు రాయడం రాని పిల్లలు మాటల్లో రికార్డు చేసి పంపుతారు. వాళ్ల గొంతే ఆనవాలు, ఇక మారుపేరు ఒక్కటే వాళ్లకు మిగిలిన చాటు. అదీ తీసేస్తే వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచే బాధ్యతను వైద్య సిబ్బంది మీద పెట్టింది. మన అడ్మిన్‌లు వైద్యులు కారు, వారి ఫోన్లు ఇంట్లో పిల్లల చేతుల్లో కూడా ఉంటాయి. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాసేవారు అసలు గుర్తింపు చూపాలని చట్టం తెచ్చింది. 2011లో అక్కడి ఒక సంస్థ నుంచి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది. అంత పెద్ద సంస్థలు కాపాడలేనివి మన అడ్మిన్ ఫొటోల గ్యాలరీలో భద్రంగా ఉంటాయా?

పేరు ఏదైనా ఉండనివ్వండి, ఒకరు మరొకరిని ఏం అడగవచ్చో మాత్రం గట్టిగా నిర్ణయించుకొందాం. గ్రూపులో ఎవరూ డబ్బు అడగకూడదు. అడిగి మోసగించినట్లయితే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, వేరొకరిగా నటించి కంప్యూటర్ ద్వారా మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద నేరమే. మందుల మోతాదు ఎవరూ చెప్పకూడదు. ఒకరి తరఫున మరొకరు రాయడం ఉండకూడదు. ప్రాణాపాయం అన్న మాట వినగానే, అది నిజమా అబద్ధమా అని తర్కించకుండా, ఫోన్‌లో మానసిక ఆరోగ్య సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు, ఏ వేళకైనా పలుకుతారు. బాధ నిజమైతే శిక్షణ పొందినవారి సాయం అందుతుంది. కల్పితమైతే మేలుకొని కూర్చొనే ప్రేక్షకులు ఉండరు.

ఇది మనిషిని నంబరుకు అప్పగించి చేతులు దులుపుకోవడమేనని ఒక పెద్దాయన నాతో అన్నారు. కాదండీ. ఫోన్ కలిసేదాకా ఒకరు తోడుండవచ్చు, మర్నాడు పగలు పలకరించవచ్చు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వేర్వేరు మానసిక రుగ్మతలున్నవారిలో 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివారే. అటువంటి చోట ఒక గ్రూపు చేయగలిగిన అతి పెద్ద ఉపకారం మనిషిని వైద్యం దాకా చేర్చడం.

ఆ యువతి ఫొటోను, మాటల స్క్రీన్‌షాట్లను ఊరి గ్రూపులన్నింటిలో పంచుతున్నవారు దయచేసి ఆపండి. ఏ లాభమూ లేకుండా జబ్బు నటించడాన్ని మానసిక వైద్యం ఒక రుగ్మతగానే గుర్తించింది. ఆమెను గ్రూపు నుంచి తొలగించడం సరైనదే. అయితే తొలగించిన అడ్మిన్ ఆమెకు విడిగా, మర్యాదగా ఒక సందేశం పంపాలి, అందులోనూ 14416 ఉండాలి. ఆ బాలింతకు కూడా ఈ వారంలో ఎవరైనా ఒక అక్క విడిగా రాయాలి. ఆమె అడిగినదానికి మనం ఇంకా జవాబు బాకీ ఉన్నాం.