రెండు దెయ్యాలు ఎటు పోయినట్టు?

రెట్రో గేముల చరిత్ర మీద ప్రయోగాత్మక వీడియో చేద్దామనుకునేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "పాత మెషీన్లు, డబ్బా టీవీలు దండగ. నెట్‌లో గేమ్‌ప్లే దించుకో, పాత టీవీ గీతలు తెచ్చే స్కాన్‌లైన్ ఫిల్టర్ వెయ్, పైన బొమ్మ చెడినట్టు చూపే గ్లిచ్ ప్లగిన్ తగిలించు. చరిత్రంటావా, వీడియో గేము పాంగ్ అనే ఆటతో పుట్టింది, 1983లో చచ్చింది, నింటెండో బతికించింది." వినడానికి బాగానే ఉంది. చేసి చూస్తేనే తెలుస్తుంది.

"గేమ్‌ప్లే దించుకో." నేనూ మొదట ఆ పనే చేశాను. అటారీ 2600 అనే పాత గేము మెషీన్ కోసం 1982లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ (దెయ్యాల్ని తప్పించుకుంటూ చుక్కలు తినే ఆట) క్లిప్పు ఒకటి, సెకనుకు 30 ఫ్రేములది, టైమ్‌లైన్ మీద పరిచాను. దెయ్యాలు నాలుగుండాలి. రెండే ఉన్నాయి! ఎడిటింగ్‌లో ఏదో చెడగొట్టాననుకుని ఓ పూట వెతుక్కున్నాను. తీరా చూస్తే, ఆ గేము ఒక్కో ఫ్రేములో ఒక్క దెయ్యాన్నే గీస్తుంది, వంతులవారీగా. సెకనుకు 60 ఫ్రేములు చూపే టీవీ మీద నాలుగూ మిణుకుమిణుకుమంటూ కనిపిస్తాయి. ఫ్రేము విడిచి ఫ్రేము తీసుకుంటే రెండింటి వంతు ఎప్పటికీ రాదు.

మిణుకు లోపమే కదా అంటారా? లోపమే. కానీ ఆ మెషీన్ ర్యామ్, అంటే పని చేస్తూ గుర్తుంచుకునే చోటు, 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. తెర మొత్తాన్ని దాచుకునే చోటే లేదు. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ పుంజం ఒక్కో గీతా గీసుకుంటూ పోతుంటే, ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రాం అప్పటికప్పుడు చెప్పాలి. అందుకు దొరికేది గీతకు 76 క్లాక్ సైకిళ్లు, అంటే ప్రాసెసర్ అడుగులు. పైగా చిప్ ఇచ్చే పాత్రల బొమ్మలు రెండే. ప్యాక్‌మ్యాన్‌కి ఒకటి పోతే, మిగిలిన ఒక్కదాన్ని నాలుగు దెయ్యాలూ పంచుకోవాలి. ఈ అవస్థంతా కనిపించేది ఆ మిణుకులోనే. దాన్ని తుడిచేసి చరిత్ర మీద వీడియో అంటే ఇక చూపించేదేముంది?

"స్కాన్‌లైన్ ఫిల్టర్ వెయ్." 1991 నాటి సోనిక్ అనే గేములో జలపాతం నిజానికి నిలువు చారలు. మెషీన్‌ని పాత టీవీకి కలిపే కాంపోజిట్ కేబుల్ పక్కపక్క రంగుల్ని కలిపేస్తుంది కాబట్టి నీళ్లలోంచి వెనకున్నది కనిపిస్తున్నట్టు ఉంటుంది. పదునైన పిక్సెళ్ల మీద నల్ల గీతలు లాగితే జలపాతం కాస్తా దోమతెర అయి కూర్చుంటుంది. ఆ కేబుల్ సిగ్నల్‌నే లెక్కగట్టి అనుకరించే షేడర్లు అనే ప్రోగ్రాములున్నాయి, వాటితో నాకు పేచీ లేదు. పాత మెషీన్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్లతో అసలే లేదు, నా పనిలో సగం వాటితోనే.

"గ్లిచ్ ప్లగిన్ తగిలించు." దీనికే నాకు ఎక్కువ ఒళ్లు మండుతుంది. ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే పెట్టె) ప్యాక్‌మ్యాన్‌లో 256వ లెవెల్‌కి చేరితే తెర కుడి సగం అక్షరాల చెత్తగా మారిపోతుంది. లెవెల్ లెక్క ఉండేది 8 బిట్లలో. అది నిండి సున్నాకి తిరగడంతో, కింద పండ్లు గీసే రొటీన్ ఆగాల్సిన చోట ఆగక 256 సార్లు గీసేస్తుంది. అంత కచ్చితమైన కారణం ఉంది ఆ చెత్తకి. ప్లగిన్‌కి ప్యాక్‌మ్యాన్ అయినా పుట్టినరోజు వీడియో అయినా ఒకటే. కోరీ ఆర్కేంజెల్ అనే కళాకారుడు 2002లో సూపర్ మారియో క్లౌడ్స్ చేసినప్పుడు సూపర్ మారియో గేము కార్ట్రిడ్జ్ విప్పి చిప్ మార్చాడు. ఆట మొత్తం పోయి, నీలాకాశంలో మబ్బులు మాత్రం కదులుతుంటాయి. అంతకు ఎంతో ముందే, 1965లో, వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ టీవీ మీద అయస్కాంతం పెట్టి బొమ్మను వంచాడు. ఇద్దరూ చెయ్యి పెట్టింది మెషీన్‌లోనే.

ఇక పుట్టుక, చావు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆసిలోస్కోప్ (విద్యుత్ తరంగాల్ని తెర మీద చూపే పరికరం) మీద టెన్నిస్ ఆడారు. 1962లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో స్పేస్‌వార్ అనే కంప్యూటర్ గేము వచ్చింది. 1972లో కూడా పాంగ్ కంటే మ్యాగ్నవాక్స్ ఒడిస్సీ అనే ఇంటి గేము మెషీనే ముందు. 1983లో కూలింది ఉత్తర అమెరికా మార్కెట్. అదే ఏడాది జులైలో జపాన్‌లో నింటెండో గేము మెషీన్ ఫ్యామికామ్ అమ్మకాలు మొదలయ్యాయి.

ఆ 30 ఫ్రేముల క్లిప్పును పారేయలేదు. ఎడమ తెర మీద అది నడుస్తుంది, కుడివైపు డబ్బా టీవీకి కలిపిన అసలు మెషీన్. నా వీడియో ఇప్పుడు అక్కడే మొదలవుతుంది: ఒకవైపు రెండు దెయ్యాలు, ఇంకోవైపు నాలుగు.